నైట్ మోడ్ ఆన్ చేస్తే నిద్ర వస్తుందా? సచ్చిదానంద పండా రీసెర్చ్ ఏం చెప్తోంది

ఏ ఫోన్ రివ్యూ చూసినా బ్లూ లైట్ ఫిల్టర్ గురించి ఒక లైన్, ఏ స్మార్ట్ వాచ్ రివ్యూ చూసినా స్లీప్ స్కోర్ గురించి ఒక పేరా ఉంటుంది. ఈ ఫీచర్లు నిజంగా పనిచేస్తాయా అనేది తేల్చుకోవాలంటే, ఒక సైంటిస్ట్ కెరీర్ తెలుసుకుంటే చాలావరకు అర్థమైపోతుంది. ఆయన పేరు సచ్చిదానంద పండా. మన పక్క రాష్ట్రం ఒడిశా ఆయనది. భువనేశ్వర్‌లో అగ్రికల్చర్ డిగ్రీ, కోయంబత్తూర్‌లో పీజీ చేసి అమెరికా వెళ్లారు. 2004 నుంచి శాన్ డియాగోలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ నడుపుతున్నారు.

కంట్లో ఇంకో సెన్సర్

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 24 గంటల గడియారం నడుస్తుంటుంది. ఫోన్ టైమ్ నెట్‌వర్క్‌తో సింక్ అయినట్టే, ఇదీ రోజూ బయటి వెలుతురుతో సింక్ అవ్వాలి. ఆ వెలుతురుని కొలిచేది ఎవరు? కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే ప్రొటీన్ ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. 2002లో పండా టీమ్ మెలనాప్సిన్ లేని ఎలుకలపై ప్రయోగం చేసింది. వెలుతురుని బట్టి గడియారాన్ని సరిచేసుకునే శక్తి వాటిలో బాగా తగ్గిపోయింది.

ఈ ప్రొటీన్ 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. నైట్ మోడ్ స్క్రీన్‌ని పసుపు రంగులోకి మార్చేది అందుకే. కానీ రంగు ఒక్కటే మారిస్తే సరిపోదు. బ్రైట్‌నెస్ ఎంత, ఎంతసేపు చూశాం అనేవి కూడా లెక్కే. 2021లో అమెరికాలో 167 మంది యువతపై చేసిన ఒక స్టడీలో, ఐఫోన్ నైట్ షిఫ్ట్ ఆన్ చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తే ఫిల్టర్ మాత్రం ఏం చేస్తుంది?

తిండి టైమ్ కూడా సిగ్నలే

2012లో పండా టీమ్ ఎలుకల్ని రెండు గుంపులు చేసి రెండింటికీ కొవ్వు ఎక్కువున్న తిండే పెట్టింది. ఒక గుంపు ఎప్పుడంటే అప్పుడు తినొచ్చు. రెండోదానికి 8 గంటలే టైమ్. తిన్న క్యాలరీలు సమానమే అయినా రెండో గుంపు అంతగా లావెక్కలేదు.

తర్వాత మనుషులపై చూడ్డానికి ఆయన వాడింది స్మార్ట్‌ఫోన్ యాప్. తిన్న ప్రతిదాన్నీ ఫొటో తీయడమే పని. 2015లో 156 మంది డేటా చూస్తే, సగం మందికి పైగా రోజులో 14 గంటలకు మించి ఏదో ఒకటి తింటూనే ఉన్నారు. వాళ్లలో బరువు ఎక్కువున్న 8 మంది తినే టైమ్‌ని 10-11 గంటలకు కుదిస్తే, 16 వారాల్లో సగటున 3 కిలోలకు పైగా తగ్గారు, నిద్ర కూడా మెరుగైందని చెప్పారు. ఇది చాలా చిన్న గ్రూప్ అని గుర్తుంచుకోవాలి. 2022లో చైనాలో 139 మందిపై ఏడాది పాటు జరిగిన ట్రయల్‌లో, క్యాలరీలు తగ్గించాక టైమ్ కూడా కుదించడం వల్ల బరువులో అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కాబట్టి దీన్ని మ్యాజిక్ అనుకోవద్దు.

మరి నైట్ షిఫ్ట్ వాళ్ల సంగతి?

మా రామకృష్ణాపూర్‌లో టైమ్‌ని గంటల్లో కాకుండా షిఫ్ట్‌లో చెప్పేవాళ్లే ఎక్కువ. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున ఇంటికొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాళ్లు ప్రతి లైన్‌లోనూ ఉంటారు. అలాంటి మా బాబాయికి నేనొక ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిచ్చాను. పగలు ఆయన పడుకున్న 6 గంటల్నీ అది కునుకు కింద రాసి, రాత్రి నిద్ర సున్నా అని రోజూ తిట్టేది. చేతి కదలిక, గుండె వేగం బట్టి నిద్రని అంచనా వేసే అల్గారిథమ్ అది. నిద్రంటే రాత్రే అని కోడ్‌లో రాసుకుంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఇది చిన్న విషయం కాదు. బాడీ క్లాక్‌ని దెబ్బతీసే నైట్ షిఫ్ట్ పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. పండా టీమ్ శాన్ డియాగోలో 24 గంటల డ్యూటీ చేసే 137 మంది ఫైర్‌ఫైటర్లపై 12 వారాల స్టడీ చేసి 2022లో ప్రచురించింది. షిఫ్ట్ మార్చకుండా, తినడం మాత్రం 10 గంటల్లో ముగించేలా చూశారు. ముందే షుగర్, బీపీ సమస్య ఉన్నవాళ్లలో ఆ అంకెలు కొంత తగ్గాయి. డ్యూటీ టైమ్ మన చేతిలో లేకపోయినా తినే టైమ్ కొంతైనా ఉంటుంది.

మనం ఏం చేయొచ్చు?

పొద్దున్నే కాసేపు ఎండలో నడవండి. చివరి తిండికీ నిద్రకీ మధ్య రెండు మూడు గంటలు గ్యాప్ ఇవ్వండి. రాత్రి ఫిల్టర్‌తో పాటు బ్రైట్‌నెస్ కూడా తగ్గించండి. వ్యాయామానికి సాయంత్రం మంచి టైమే. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా తినే టైమ్ మార్చొద్దు.

ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి బ్యాండ్ కొనేముందు ఒక పని చేయండి: పగటి నిద్రని అది మెయిన్ స్లీప్‌గా లెక్కిస్తుందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. ఆ ఆప్షన్ లేకపోతే స్లీప్ స్కోర్ ఆపేసి, స్టెప్స్, హార్ట్ రేట్ వరకే వాడమని చెప్పండి.