రేవు వెంట నగరము

నగరము చెట్టు మ్రానువలె నన్ని దిక్కులకు సమముగ పెరుగునని పలువురు తలంతురు. అనుభవ మట్లు లేదు. జనమును సరకును నడచు దారి యెటు తిరిగిన నగర మటు తిరుగును. నిన్నటి నడివీథి నేడు మూల యగును. నిన్నటి పొలిమేర నేడు అంగడి యగును.

విశాఖపట్టణమే యిందుకు తార్కాణము. పూర్వము పట్టణము కోటవీథి పరిసరములనే యొదిగి యుండెను. ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి నిర్మించిన రేవు 1933లో తెఱవబడెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. దానితో గాజువాక గ్రామము పట్టణమై, 2005లో మహానగరపాలక సంస్థలో కలిసెను. ఒక్క నడిబొడ్డునకు మాఱుగ పెక్కు నడిబొడ్డు లేర్పడినవి. పాతపట్టణ మిరుకు సందులతో నిలిచిపోయినది. ఉక్కునకు భూములిచ్చినవారి పునరావాసపు తగవులు దశాబ్దముల పర్యంతము సాగినవి.

ఇప్పు డా మార్పు మన తీరమునకు వచ్చుచున్నది. ఇంతవఱకు నుద్దానపు వర్తకము ప్రధానముగ రైలును, రహదారిని ఆశ్రయించినది. రైలుస్టేషనుగల పలాసయు, దాని చెంతనున్న కాశీబుగ్గయు జీడిపప్పు వ్యాపారముచే పెరిగి యొక్క పురపాలకములో చేరినవి. పర్లాకిమిడి రైలుదారి 1900లో పడినది మొదలు నౌపడ కూడలి యయ్యెను. భావనపాడు రేవుగ ప్రసిద్ధికెక్కిన యోడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీన మూలపేటయొద్ద శంకుస్థాపన జరిగినది. ఇక సరకు సముద్రము వైపు మొగము త్రిప్పును. టెక్కలికిని తీరమునకును నడుమ నున్న నేలపై నందఱి కన్నును పడును.

ఆ నేల వట్టిది కాదు. నౌపడ ఉప్పుమళ్లు, మత్స్యకారుల పల్లెలు, తేలినీలాపురపు పక్షులు మేతకు వచ్చు చిత్తడినేలలు అందున్నవి. చెఱువులను, నీటిదారులను పూడ్చి ఇండ్లస్థలములుగ నమ్మినచో వాననీ రెటు పోవును? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను కూల్చిన సంగతి మఱవరానిది.

భూమికి ధర పెరుగుట యజమానికి లాభమేకదా యని కొందఱందురు. నిజమే. కాని తోచినట్లు ముక్కలుగ నమ్మిన నేలకు దారి యుండదు, మురుగుకాలువ యుండదు. తుదకు ధరయు నిలువదు. కావున ముందుగ నీటిదారులను గుర్తించి విడువవలెను. వెడల్పైన వీథులకు స్థలము కేటాయింపవలెను. కూలివాని యిల్లు పనికి చేరువ నుండవలెను. నెలవు కోల్పోవు బెస్తవానికి మొదట, అదియును కడలికి దగ్గఱనే, యిల్లు చూపవలెను. గోడలు లేచిన పిమ్మట పటము గీయుట నిష్ఫలము. గ్రామసభలును, పురపాలకమును, భూస్వాములును నేడే కూడి యీ విషయమును నిర్ణయించుకొందురుగాక!