నెలసరి నొప్పి వెనుక జన్యువుల అల్లిక

గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 19 కోట్ల మంది స్త్రీలు, బాలికలు దీనితో బాధపడుతున్నారు.

కవలలపై జరిగిన అధ్యయనాలు ఈ వ్యాధి ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమని సూచించాయి. అయితే దానికి మూలమైన జన్యువు ఒక్కటి కాదు. 2023లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన 60 వేలకు పైగా రోగుల జన్యు సమాచారాన్ని 7 లక్షలకు పైగా ఇతరుల సమాచారంతో పోల్చి, ముప్పుతో సంబంధమున్న 42 స్థానాలను గుర్తించింది. విడివిడిగా వాటి ప్రభావం స్వల్పమే. అందుచేత ఒక్కొక్క పోగును గాక నేత మొత్తాన్ని చూచినట్లు, జన్యువులు, హార్మోన్లు, రోగనిరోధక కణాలు, నాడులు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావాన్ని శాస్త్రజ్ఞులు కలిపి పరిశీలిస్తున్నారు. దీనినే వ్యవస్థా జీవశాస్త్రం అంటారు. మైగ్రేన్, నడుమునొప్పి వంటి బాధలతో ఈ వ్యాధికి జన్యుపరమైన సంబంధం ఉన్నట్లు కూడా ఆ పరిశోధనలోనే తేలింది.

కనుక ఒక్క జన్యు పరీక్షతో ఈ వ్యాధిని నిర్ధారించడం నేటికీ సాధ్యం కాదు. తల్లికిగాని, అక్కచెల్లెండ్రకుగాని ఈ వ్యాధి ఉన్నట్లయితే ఆ సంగతి వైద్యులకు తెలపాలి. బడికీ పనికీ పోనీయని నెలసరి నొప్పిని ‘ఆడవారికి మామూలే’ అని ఓర్చుకోరాదు. స్త్రీవైద్య నిపుణులను సంప్రదించాలి.