దీపం ఆర్పితే సరా?

కుప్పంలో పెళ్ళి. మదనపల్లెలో తెల్లవారకముందే కారులో బయలుదేరాం. నా పక్క సీట్లో మా అమ్మాయి, వెనక మా ఆవిడ. మరెక్కడా చోటులేక కజ్జికాయల డబ్బాను అమ్మాయి సీటు కిందికి తోశాం.

పుంగనూరు చేరేసరికి నా ఎదుట ఎర్రదీపం వెలిగింది. కూర్చున్న మనిషి, వాడి ముందు గుండ్రటి బుడగ: ఎయిర్‌బ్యాగు గుర్తు. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరలేదంటే ఎక్కడో లోపం. ప్రమాదవేళ బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

అక్కడి మెకానిక్కు నవ్వేశాడు. "బండి బాగానే పోతుంది గదా సార్! ఆ దీపం తీగ పీకేస్తే సరిపాయె."

ముహూర్తం ముంచుకొస్తోంది, నాకూ ఆ మాట తీయగానే వినిపించింది. మా అమ్మాయి ఊరుకుందా? "దొంగ వచ్చాడని కుక్క మొరిగితే, కుక్క నోరు కట్టేస్తామా నాన్నా?"

నోరు మూసుకొని, అమ్మాయిని వెనక కూర్చోబెట్టి, అందరం బెల్టులు బిగించుకొని, పలమనేరు మీదుగా నెమ్మదిగా కుప్పం చేరాం.

తాళి కట్టడం చూసి, అక్షింతలు వేసి, నేరుగా షెడ్డుకు వెళ్ళాను. ఆ కుర్రవాడు తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో మాట్లాడతాడు. స్టీరింగు కింద స్కానరు తగిలించాడు. ఇంజను లోపాలు మాత్రమే చదివే చిన్న స్కానరు దీనికి పనికిరాదట. ఎడమ సీటులోని బ్యాగు తీగలో తేడా ఉందని తెరమీద కనిపించింది. వెంటనే బ్యాటరీ తీగ విప్పి, "కొంచెంసేపు ఆగండి సార్" అన్నాడు. బ్యాటరీ విప్పినా లోపల కొంత కరెంటు నిలవ ఉంటుందట. బ్యాగు తీగలకు మీటరు పెట్టి పరీక్షించకూడదు. ఆ కాస్త కరెంటుకే బ్యాగు పేలవచ్చు.

సీటు కింద పసుపుపచ్చ కనెక్టరు సగం ఊడి ఉంది. దోషి మా కజ్జికాయల డబ్బా! కనెక్టరు బిగించి, స్కానరుతో పాత లోపం చెరిపాడు. తాళం తిప్పితే దీపం వెలిగింది, ఆరింది.

అందరికీ ఇంత సులువుగా తేలదు. దీపంతోపాటు హారను కూడా మూగబోతే స్టీరింగులోని చుట్టతీగ తెగి ఉండవచ్చు. బ్యాటరీ నీరసించినా, కారులోకి వాననీరు చేరినా దీపం వెలగవచ్చు.

1952లో అమెరికాలో జాన్ హెట్రిక్ అనే ఆయన కారు గోతిలోకి దిగినప్పుడు, తల్లీ తండ్రీ చప్పున చేతులు అడ్డుపెట్టి కూతుర్ని కాపాడుకున్నారు. ఆ రోజు తట్టిన ఆలోచనకే ఆయన మరుసటి ఏడు పేటెంటు పొందాడు. నేను ఆ తీగ పీకించి ఉంటే, నా కూతురికి అడ్డుపెట్టిన చేతిని నేనే కట్టేసినవాణ్ణి అయ్యేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో డబ్బా డిక్కీలో కూర్చుంది.