కుక్క మీద అయిదు, ఇంట్లో తొంభై అయిదు

మా వీధిలో ఒకాయన దసరా సెలవులకి ఇంటిల్లిపాదితో ఊరెళ్లాడు. పెంపుడు కుక్కని కూడా కార్లో ఎక్కించుకునే వెళ్లాడు. రెండు వారాల తర్వాత తిరిగొచ్చి, తాళం తీసి హాల్లో అడుగుపెట్టాడో లేదో, చీలమండల చుట్టూ చురుక్కు చురుక్కుమని కుట్టడం మొదలైంది. చూస్తే నల్లటి పురుగులు గెంతుతున్నాయి.

“మాస్టారూ, ఇంట్లో మనిషి లేడు, కుక్కా లేదు. తిండీ తిప్పలూ లేకుండా ఇవన్నీ ఎలా బతికాయండీ?” అన్నాడు సాయంత్రం వచ్చి. పక్కనే ఉన్న మా మనవరాలు చెవులు రిక్కించింది. ప్రశ్న బాగుంది కాబట్టి కబుర్లు అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

పశువుల డాక్టర్లు దీన్ని ఫ్లీ అంటారు, ఇళ్లలో కుక్కపేలంటారు. చెవుల్లో పట్టుకుని వేలాడే గోమార్లు వేరు. వాటికి ఎనిమిది కాళ్లు, గెంతడం చేతకాదు. దీనికి ఆరు కాళ్లు. ప్రపంచమంతటా కుక్కల మీదా పిల్లుల మీదా ఎక్కువగా కనిపించే ఫ్లీ ఒకటే, దాని శాస్త్రీయ నామం టీనోసెఫలైడిస్ ఫెలిస్. ఫెలిస్ అంటే పిల్లిది. కుక్కకి పట్టినా పిల్లి ఫ్లీయే అన్నమాట! రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, రెండు పక్కల నుంచి నొక్కేసినట్టు పలచటి ఒళ్లు. అందుకే వెంట్రుకల మధ్య నుంచి సునాయాసంగా దూసుకుపోతుంది, వేళ్లతో నలిపితే చావదు. రెండు గోళ్ల మధ్య పెట్టి చిదమాలి, లేదా సబ్బు నీళ్లలో పడేయాలి.

దాని గెంతు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంత పురుగూ దాదాపు జానెడు ఎత్తు ఎగురుతుంది. కండరాల బలమొక్కటే అయితే అంత వేగం రాదు. ఒంట్లో రెసిలిన్ అనే సాగే ప్రొటీను ఉంది. దాన్ని ముందే నొక్కిపట్టి ఉంచి, ఒక్కసారిగా వదిలేస్తుంది. ఈ రహస్యాన్ని 1960లలో బయటపెట్టిన వాళ్లలో మిరియమ్ రాత్‌షైల్డ్ ఒకరు. కోటీశ్వరులైన బ్యాంకర్ల ఇంటి ఆడపడుచు, జీవితమంతా ఫ్లీల వెంట పడింది. తండ్రి చార్లెస్‌కీ అదే పిచ్చి. ప్లేగుని మోసే ఎలుక ఫ్లీకి 1903లో పేరు పెట్టింది ఆయనే. ఆ ప్లేగుని ఫ్లీలే మోస్తాయని అంతకు ముందే, 1898లో, కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఎలుకలతో ప్రయోగం చేసి చూపించాడు. అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. కంగారు పడకండి, మీ కుక్క మీదున్నది ఆ జాతి కాదు.

ఇక అసలు ప్రశ్న. ఆడ ఫ్లీ కుక్క మీదికెక్కి రక్తం తాగిన ఒకటిన్నర రెండు రోజుల్లోనే గుడ్లు మొదలుపెడుతుంది, రోజుకి నలభై యాభై దాకా. మన తలలో పేలు ఈళ్లని వెంట్రుకకి అంటిస్తాయి కదా, ఇది అంటించదు. నున్నటి తెల్ల గుడ్లు జారి కింద పడతాయి. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడే కుప్ప. వాటిలోంచి వచ్చిన పురుగులకి వెలుతురంటే గిట్టదు. మంచం కిందికో, సోఫా సందుల్లోకో, బండల మధ్య పగుళ్లలోకో దిగిపోతాయి. అక్కడ అవి తినేదేమిటో తెలుసా? తల్లి విసర్జించిన ఎండు రక్తం! తల్లి తాగేది తన బరువుకి పదిహేను రెట్ల రక్తం, అదీ ఒక్క రోజులో. అరిగేది అరగ్గా మిగిలింది నల్లటి నలుసులుగా గుడ్లతో పాటే నేల మీద రాలుతుంది.

“ఛీ తాతయ్యా!” అంది మనవరాలు. ఛీ కొట్టినా, ఫ్లీలున్నాయో లేదో తేల్చేది ఆ నలుసులే. వాళ్ల కుక్కని పిలిపించి, పేల దువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వమని మనవరాలికి చెప్పాను. రాలిన నల్ల పొడిని తడిపిన తెల్లకాగితం మీద వేసింది. మామూలు మట్టయితే మట్టిలాగే ఉండిపోతుంది. కాసేపటికి ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక విచ్చుకుంది. ఒక్క ఫ్లీ కూడా కంటికి ఆనలేదు, అయినా సందేహం తీరిపోయింది.

సందుల్లోకి దిగిన ఆ పురుగులు కడుపు నిండాక పట్టుదారంతో గూడు కట్టుకుంటాయి. గూడు జిగటగా ఉండి చుట్టూ దుమ్ము అంటుకుంటుంది, పక్కనే ఉన్నా కనిపెట్టలేం. లోపల పెద్ద ఫ్లీగా తయారయ్యాక కూడా అది వెంటనే బయటికి రాదు. నేల అదరాలి, లేదా వెచ్చదనమో, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడో తగలాలి. అంతవరకూ వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఆ గూట్లోనే మాటు వేస్తుంది. మా పొరుగాయన తాళం తీసి నడిచిన నడకకే ఇల్లంతా మేలుకుంది. ఖాళీ ఇంట్లో అవి బతికింది తిని కాదు, తినకుండా!

పశువైద్యులు ఒక అంచనా చెబుతారు. ఇంట్లో ముట్టడి ఉంటే పెద్ద ఫ్లీలు నూటికి అయిదే. మిగతా తొంభై అయిదూ గుడ్లు, పురుగులు, గూళ్లు. అవన్నీ నేల మీదే. కుక్కకి స్నానం చేయించి చేతులు దులుపుకున్నవాడు చంపింది ఆ అయిదుని. పొగ పెట్టి, మందు కొట్టి ఇల్లంతా తడిపినవాడు కూడా గెలవడు. గూట్లో ఉన్నదాని దగ్గరికి మందు పోదు.

కాబట్టి చేయవలసిన పని కుక్కనే ఎరగా వాడుకోవడం. మెడ వెనక చుక్కలు వేసే మందులు, నెలకో మూడు నెలలకో వేసే బిళ్లలు ఇప్పుడు దొరుకుతున్నాయి. డాక్టరు కుక్క బరువు చూసి రాస్తాడు. చుక్కలు వేసేటప్పుడు వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పడేట్టు చూడాలి, నాకడానికి నోరు అందని చోట. ఫిప్రోనిల్ అయితే చర్మంలోని నూనె గ్రంథుల్లో నిలవ ఉండి నెల రోజులు ఊరుతూ ఉంటుంది. అందుకే వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. ఆ తర్వాత కుక్కని ఇంట్లో మామూలుగా తిరగనివ్వండి. గూట్లోంచి లేచిన ప్రతి ఫ్లీ దాని మీదికే ఎక్కి చస్తుంది. చాలామంది విసుగొచ్చి కుక్కని పెరట్లో కట్టేస్తారు. అప్పుడు అవి మనుషుల కాళ్లనే వెతుక్కుంటాయి మరి!

ఫిప్రోనిల్ అనగానే మా పొరుగాయన ముఖం వెలిగింది. “వరిలో మొవ్వుపురుగుకి కొడతాం గదండీ, మా నాన్న దగ్గర సీసా ఉంది!” ఉంటుంది. పత్తిలో పచ్చదోమకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా కుక్కల మందుల్లో ఉంది. కానీ పొలం సీసాలో మోతాదు వేరు, కలిపే ద్రావకాలు వేరు. అవి చర్మం మీద పోస్తే ప్రాణం మీదికొస్తుంది. కిరసనాయిలు, ఫినాయిలు, కలరా ఉండల పొడి, ఇవన్నీ ఆ కోవలోవే. వేపనూనె రాయడం కొంచెం మర్యాదైన వైద్యం, కానీ అది ముట్టడిని ఆపదు.

పిల్లి ఉన్న ఇంటివాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లి మీద వేస్తే ఒళ్లు వణికి, ఫిట్సు వచ్చి చచ్చిపోవచ్చు. కొన్ని మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు పని చేయదు. పారాసెటమాల్ బిళ్ల పిల్లికి విషమయ్యేదీ అందుకే. సగం చుక్క వేద్దాంలే అనే లెక్క ఇక్కడ చెల్లదు. కుక్కకి ఆ మందు వేసినా, అది ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

ఇక నేల. మన ఇళ్లలో తివాచీలు తక్కువ, బండలెక్కువ. అది మన అదృష్టం. రోజూ మంచాలు జరిపి, గోడ మూలల్లోకి చీపురు పోనిచ్చి ఊడ్చి, తడిగుడ్డ పెడితే గుడ్లూ పోతాయి, వాటి తిండీ పోతుంది. సోఫాలకి వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టండి. దాని అదురుకి గూళ్లు కూడా తెరుచుకుంటాయి, ఎంత త్వరగా లేస్తే అంత మంచిది. కుక్క పడుకునే దుప్పటి, గోనె, కాళ్లు తుడుచుకునే పట్టా వేడినీళ్లలో ఉతికి మండుటెండలో ఆరేయండి. ఫ్లీ పురుగులకి తేమ కావాలి, గాలి పొడిగా ఉంటే ఎండిపోతాయి. రోహిణి కార్తెలో వెనక్కి తగ్గి, వానలు పడ్డాక విజృంభించేది ఈ లెక్క మీదే.

అయినా మందు వేసిన మూడో వారంలో మళ్లీ రెండు గెంతుతూ కనిపిస్తాయి. మందు దొంగదని తిట్టకండి, పాత గూళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న కుక్కలకీ పిల్లులకీ అన్నిటికీ కలిపి కనీసం మూడు నెలలు వదలకుండా వేయాలి.

కుక్క పడుకున్నచోట, తోక కింద దోసగింజల్లాంటి తెల్లటి ముక్కలు కనబడితే అవి నట్టపురుగువి. కుక్క ఒంటిని కొరుక్కుంటూ ఫ్లీని మింగినప్పుడు దానితో పాటే ఆ నట్టపురుగు కడుపులోకి పోతుంది. నట్టపురుగుకి వేరే బిళ్ల ఉంది, డాక్టర్ని అడగండి.

వారాల వయసు కుక్కపిల్లలకి, పిల్లికూనలకి మాత్రం ఈ చుక్కలేవీ సొంతంగా వేయకండి. ఒంటి నిండా ఫ్లీలుంటే రక్తం తాగి తాగి వాటిని చంపేయగలవు. చిగుళ్లు ఎత్తి చూడండి. గులాబీ రంగు పోయి పాలిపోయి ఉంటే, గోరువెచ్చటి నీళ్లలో తడిపి, పేల దువ్వెనతో దొరికినన్ని తీసేసి, ఒళ్లు ఆరబెట్టి, ఆ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.