గడప మీది పసుపు రంగు

కంబదూరు: పెళ్లి కుదిరినా, ఉగాది దగ్గరపడినా పల్లెల్లో మొదట రంగు పడేది తలవాకిలికే. గోడలకు సున్నం ఆలస్యమైనా ఫరవాలేదు, వాకిలి మాత్రం మెరవాలి. ఇలా పూత మీద పూత పడి తాతల నాటి తలుపులు టేకువో, వేపవో పోల్చుకోలేని స్థితికి వచ్చాయి. తలుపు మీద చెక్కిన పూలు పెయింటుతో పూడిపోయాయి. ఎండకు పెచ్చులు లేస్తున్నాయి. ఆ రంగంతా తీసి చెక్కకు పాలిష్ పెట్టించాలని, వడ్రంగికి కూలి ఇచ్చే బదులు అంగట్లో పెయింట్ రిమూవర్ డబ్బా కొని ఇంట్లోనే పని కానిద్దామని అనుకునేవారున్నారు.

అనుకోవడంలో తప్పు లేదు. అయితే పాత రంగులో ఏముందో, కొత్త డబ్బాలో ఏముందో తెలియకుండా దిగితే మొదట కీడు ఇంట్లోని పసిబిడ్డకే.

రంగులో సీసం

వెనకటి ఎనామెల్ రంగుల్లో సీసం కలిపేవారు. త్వరగా ఆరడానికి కొంత, వన్నె కోసం మరికొంత. పసుపు రంగులో ఇది మరీ ఎక్కువ. ఆ వన్నె తెచ్చే లెడ్ క్రోమేట్‌లో ఉన్నది సీసమే. ఇక గడప సంగతి చూడండి. రోజూ పసుపు రాసే తీరిక లేక పసుపు ఎనామెల్ పూసి, ఎర్ర పెయింటుతో బొట్లు పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆ గడపను పట్టుకుని లేచేదీ, దాని మీద కూర్చుని ఆడేదీ, ఊడిన పెచ్చును నోట్లో పెట్టుకునేదీ పాకే బిడ్డ. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు చేసి, 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని కట్టడి చేసింది. అంతకుముందు వేసిన పూతలో సీసం ఉన్నదనే తలచి పని మొదలుపెట్టడం క్షేమం.

అందువల్ల గరుకు కాగితంతో పొడిగా రుద్దరాదు. మంట పెట్టి రంగు కాల్చి గీకరాదు. రుద్దితే దుమ్ములో, కాలిస్తే పొగలో సీసం వస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఊరికే కాదు. ఆషాఢ మాసపు గాలికి ఆ దుమ్ము ఆరబోసిన వేరుశనగ మీదికీ, పశువుల కుడితి తొట్టిలోకీ చేరుతుంది. పెయింట్ రిమూవర్‌తో ఉన్న మేలు ఇక్కడే. రంగు తడిగా ముద్దగా ఊడుతుంది, దుమ్ము లేవదు.

డబ్బాలో విషం

మేలుతోపాటు కీడూ ఉంది. కొన్ని రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. డైక్లోరోమీథేన్ అని కూడా రాస్తారు. పూసిన కొద్ది నిమిషాల్లోనే పూత పొంగి లేస్తుంది కనుక చూడ ముచ్చటగా ఉంటుంది. కానీ దాని ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే నిలుస్తుంది. చిన్న కిటికీల మట్టి మిద్దెలో గొంతుకు కూర్చుని గీకే మనిషి ముక్కు ఉండేదీ అక్కడే. తల తిరుగుతుంది, మత్తు కమ్ముతుంది, స్పృహ తప్పుతుంది. ఒంట్లో చేరాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గుండెకు ప్రాణవాయువు అందనివ్వదు. అమెరికాలో స్నానపు తొట్ల పాత పూత తీస్తూ 2000 నుంచి 2011 వరకు 13 మంది కార్మికులు చనిపోయారని అక్కడి అధికారులు లెక్క తేల్చారు. 2019లో అక్కడ ఇళ్ల వాడకానికి ఈ సరుకు అమ్మకాన్నే నిషేధించారు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఈ ఆవిరి ఆగదు.

మన ఎండలతో మరో చిక్కు. ఈ ద్రవం దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ అంత కాయడం మామూలే. ఎండలో ఉంచిన డబ్బా మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతుంది. పక్కన పొయ్యి మండుతున్నా, బీడీ వెలిగించినా ఆ ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలదు.

డబ్బా మీది చీటీ ఇంగ్లీషులో ఉంటే చదువుకునే పిల్లల చేత చదివించుకోవాలి. పై రెండు పేర్లలో ఏది కనబడినా ఆ డబ్బా ఇంటి పనికి వద్దు. బెంజైల్ ఆల్కహాల్ రకం నిదానం, గంటలు పడుతుంది, అయినా ప్రమాదం తక్కువ. ఎన్.ఎం.పి. ఉన్న రకం గర్భిణుల దరికి రానీయరాదు.

చవక అని కాస్టిక్ సోడా వాడేవారూ ఉన్నారు. అది చర్మాన్ని, కంటిని కాలుస్తుంది. టేకును నల్లబరుస్తుంది. అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నెనే తింటుంది. అన్నిటికీ మించి, కడగడానికి బిందెల కొద్దీ నీళ్లు కావాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో తలుపు కోసం అన్ని నీళ్లు ఎవరు పోస్తారు? సగం కడిగి వదిలితే మిగిలిన సోడా మీద కొత్త పాలిష్ నిలవదు.

పని తీరు

తలుపు రెక్కలను మడతబందుల నుంచి ఊడదీసి, పొద్దున్నే వేపచెట్టు నీడకు చేర్చాలి. ఎండలో పూస్తే మందు పని చేయకముందే ఆరిపోతుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, మందమైన పూత వేసి, దాని మీద మరో పట్టా కప్పి ఉంచాలి. పలుచని రబ్బరు తొడుగులు నిలవవు, చీటీలో చెప్పిన రకమే వేసుకోవాలి. రంగు పొంగాక మొద్దు అంచు చెక్కముక్కతో రేఖల వెంట తీయాలి. చెక్కడపు పనిలో పాత పళ్ల బ్రష్షు చాలు. పక్కన బకెట్ మంచినీళ్లు ఉండాల్సిందే. కంట్లో పడితే కనీసం పావుగంట ఆపకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

గడప, ద్వారబంధం ఊడిరావు గనుక వాటి పని కష్టం. ముందు వాకిలి, పెరటి వాకిలి రెండూ బార్లా తీసి, పిల్లలను ఆ రెండు రోజులు బంధువుల ఇంట ఉంచడం మేలు. గడప మీది రంగు పెచ్చులు లేవకుండా గట్టిగా ఉంటే దాన్ని కదపనే అక్కర్లేదు. తడిగుడ్డతో తుడిచి, సీసం లేని కొత్త రంగు పైన వేస్తే సరిపోతుంది.

గీకిన ముద్దను పేడదిబ్బలో వేయరాదు, ఆ దిబ్బ రేపు చేనికి పోయేదే. నీళ్ల పొయ్యిలో కాల్చరాదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచి, చెత్త సేకరించేవారికి అది విషమని చెప్పి వేరుగా ఇవ్వాలి. పాత రంగు తలుపుల ముక్కలను కట్టెల్లో కలపడమూ ఇలాంటిదే. ఆ మంట మీద కాగిన నీళ్లు వేడిగానే ఉంటాయి, పొయ్యి బూడిదలో మాత్రం సీసం మిగులుతుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు.