ఇంగ్లీషు ఉపపదములు: వినువాని యెఱుక



మన పల్లెలలో మనుమలును మనుమరాండ్రును ఇంగ్లీషు చదువుచున్నారు. వారు వ్రాసిన యర్జీలలో పెద్ద మాటలు తఱచుగా సరిగానే యుండును. తప్పులు చిన్న మాటలయందే దొరలును. ‘ఎ’, ‘ఆన్’, ‘ది’ అను మూడు చిన్న మాటలను ఇంగ్లీషు వైయాకరణులు ఆర్టికల్సు అందురు. మన పండితులు ఉపపదము లన్నారు. నేడు వానిని గుఱించి ముచ్చటించెదను.

కౌతాళము, ఆదోని ప్రాంతము 1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లాకు కలెక్టరుగా నుండిన ఏ.డి. కాంబెల్ దొర 1823లో అచ్చటి బడుల లెక్కను మద్రాసునకు వ్రాసి పంపెను. మొత్తము 533 బడులు. అందు కన్నడమునకు 235, తెలుగునకు 226, సంస్కృతమునకు 23, ఇంగ్లీషునకు ఒక్కటియే. ఈ దొర 1816లోనే మన తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము రచించినవాడు. నాడు మన పూర్వులు చదివిన తెలుగు, కన్నడ, సంస్కృతములు మూడింటను ఉపపదము లేదు. కాబట్టి ఈ చిక్కు మన పిల్లల మందబుద్ధివలన వచ్చినది కాదు. మాతృభాషలో లేనిదానిని క్రొత్తగా నేర్వవలసి వచ్చుటవలన కలిగినది.

ఉపపదము లేకున్నను దాని భావము మనకు లేకపోలేదు. మన కథ లెట్లు మొదలగును? ‘ఒక యూరిలో ఒక కాపు ఉండెను. ఆ కాపునకు ఇద్దఱు కొడుకులు.’ మొదట ‘ఒక’ యేల? వినువాడు ఆ కాపును ఎఱుగడు. పిమ్మట ‘ఆ’ యేల? ఇప్పు డెఱుగును. ఇంగ్లీషువాడు మొదటిచోట ‘ఎ ఫార్మర్’ అనియు, రెండవచోట ‘ది ఫార్మర్’ అనియు చెప్పును. ‘ఎ’, ‘ఆన్’ అనునవి ప్రాచీనాంగ్లమున ఒకటి యను సంఖ్యను చెప్పు మాటనుండి పుట్టినవి. ‘ది’ అనునది ‘ఆ’ యను నర్థముగల సర్వనామమునుండి వచ్చినది. కావున ఉపపదము వస్తువు యొక్క గుణమును చెప్పునది కాదు. వినువాని యెఱుకను చెప్పునది. ఇదియే మూలసూత్రము.

ఇట్లని ప్రతి ‘ది’కిని ‘ఆ’ పెట్టి చూడరాదు. ‘తలుపు వేయుము’ అని మనము చెప్పిన జాలును. ఏ తలుపో సందర్భమే చెప్పును. ఇంగ్లీషువాడు ‘షట్ ది డోర్’ అనక తప్పదు. సూర్యు డొక్కడే కాబట్టి అతనిని ‘ది సన్’ అనవలెను. మనము ‘ఆ సూర్యుడు’ అనుచున్నామా?

ఇక లెక్కకు వచ్చునవి, రానివి యని వస్తువులు రెండు విధములు. ఎద్దు లెక్కకు వచ్చును. అట్టి మాట ఏకవచనమున ఒంటరిగా నిలువరాదు. ‘ఐ బాట్ బుల్లక్’ అనుట తప్పు, ‘ఎ బుల్లక్’ అనుట ఒప్పు. ప్రత్తి లెక్కకు రాదు, తూకమునకు వచ్చును. ఆదోని బజారులో ప్రత్తి యమ్ముదురని సామాన్యముగా చెప్పునపుడు ‘కాటన్’ అన్న జాలును. నిన్న మనము అమ్మిన ప్రత్తి యన్నచో ‘ది కాటన్’ అనవలెను. ఏ ప్రత్తియో వినువానికి తెలిసినది గదా!

‘ఎ’ యెచ్చట, ‘ఆన్’ ఎచ్చట? మన ద్రుతమును తలచుకొనుడు. ‘వచ్చె నతడు’ అనుచోట అచ్చు పరమగుటచే నకారము నిలిచినది. ‘వచ్చె రాజు’ అనుచోట హల్లు పరమగుటచే లోపించినది. ఇంగ్లీషునను మొదటి రూపము నకారము గలదే. హల్లు ముందు అది జాఱిపోయినది. ఇచ్చట చూడవలసినది ధ్వనియే కాని అక్షరము కాదు. పిల్లవానిచే ఆ మాటను తెలుగులిపిలో వ్రాయింపుడు. ‘అవర్’ అని వ్రాసిన అచ్చు, కావున ‘ఆన్ అవర్’. ‘యూనివర్సిటీ’ అని వ్రాసిన హల్లు, కావున ‘ఎ యూనివర్సిటీ’. అయితే మన నోట ‘ఎగ్’ అనునది ‘యెగ్’ అగును. ఆ యకారము మనది, ఇంగ్లీషువానిది కాదు. ‘ఆన్ ఎగ్’ అనుటయే సాధువు.

ఈ చిన్న మాటలచే పెద్ద నష్టములు గలుగవచ్చును. తుంగభద్ర దిగువకాలువలో నీరు చాలదని యర్జీ వ్రాయుదు మనుకొనుడు. ‘దేర్ ఈజ్ లిటిల్ వాటర్’ అన్నచో నీరు లేనట్లే యని యర్థము. ‘ఎ లిటిల్ వాటర్’ అన్నచో కొంత నీరున్నదని యర్థము. అధికారి చదివి, ‘నీరున్నదట గదా’ యని ప్రక్కన బెట్టును. ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ అను వానికిని ఇదే భేదము. వారసత్వపు కాగితములో ‘ఎ సన్’ అన్న కొడుకులలో ఒకడు. ‘ది సన్’ అన్న ఇతడొక్కడే కొడుకను భావము వచ్చును. సంఘపు లెక్కలలో ‘ది సెక్రటరీ అండ్ ట్రెజరర్’ అన్న రెండు పనులు చేయు మనిషి యొక్కడే. ‘ది సెక్రటరీ అండ్ ది ట్రెజరర్’ అన్న ఇద్దఱు. సంతకము లెన్ని కావలెనో ఒక్క ‘ది’ నిర్ణయించుచున్నది.

పేళ్ల విషయమున వాడుకయే శాస్త్రము. నదికి ‘ది’ యుండును, ఊరికి తఱచుగా ఉండదు: ‘ది తుంగభద్ర’, కాని ‘ఆదోని’, ‘ఎమ్మిగనూరు’. పర్వతపంక్తికి ఉండును: ‘ది హిమాలయాస్’. చదువుటకై బడికి బోవు మనుమడు ‘టు స్కూల్’ పోవును. ఉపాధ్యాయునితో మాటాడ వెళ్లు తాత ‘టు ది స్కూల్’ పోవును.

ఇంగ్లీషు రాని పెద్దలు సైతము పిల్లల కీ విషయమున తోడ్పడవచ్చును. కాగితము ముందుంచుకొని, ఒక్కొక్క వస్తువు పేరుకడ నిలిపి తెలుగుననే అడుగుడు: ‘నాయనా, ఇది లెక్కకు వచ్చునా? ఒకటియా, పెక్కులా? చదువువానికి ఇది యేదో ముందే తెలియునా?’ ఈ మూడు ప్రశ్నలకు పిల్లవాడు ఆలోచించి బదులు చెప్పెనేని ఉపపదము చాలవఱకు తానే కుదురుకొనును. ఎదుటివాని యెఱుకను తలచి మాటాడుట యే భాషయందైనను మర్యాదయే గదా.