కణాలకు ‘ఇక చాలు’ అని చెప్పేదెవరు? క్యాన్సర్ గుట్టు విప్పిన పండ్ల ఈగ

మాగిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఒకటైన డ్రోసోఫిలాను శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. కణాలు ఎప్పుడు విభజన ఆపాలో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు కీలకమైన జవాబు ఈ ఈగలోనే దొరికింది.

ఈగ లార్వాలో రెక్కగా మారాల్సిన కణాలు మొదట కొన్ని పదులే. కొద్ది రోజుల్లో వేలకు చేరి, సరైన పరిమాణం రాగానే ఆగిపోతాయి. ఇలా ఆపేవాటిలో ట్యూమర్ సప్రెసర్ జన్యువులు ముఖ్యమైనవి. ఇవి కణానికి బ్రేకుల్లాంటివి.

బ్రేకు తెగితే ఏమవుతుంది?

ప్రతి జన్యువుకూ సాధారణంగా రెండు ప్రతులుంటాయి. ఈగ శరీరంలో కొన్ని కణాల్లో మాత్రమే రెండు ప్రతులూ పోయేలా చేసి, ఏం జరుగుతుందో పరిశోధకులు గమనించారు. అలా 1995లో అమెరికాలోని రెండు బృందాలు ‘వార్ట్స్’ జన్యువును గుర్తించాయి. అది లేని కణాలు గడ్డలుగా పెరిగాయి. 2003లో ‘హిప్పో’ జన్యువు బయటపడింది. అది లోపిస్తే ఈగ తల ఉబ్బిపోతుంది.

హిప్పో ప్రోటీన్ వార్ట్స్‌ను పనిలోకి దింపుతుంది. వార్ట్స్ ‘యార్కీ’ అనే మరో ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి, కేంద్రకంలోకి వెళ్లకుండా ఆపుతుంది. 2005లో గుర్తించిన ఈ యార్కీ కేంద్రకంలోకి చేరితే రెండు నష్టాలు. కణం విభజన పెరుగుతుంది, చావాల్సిన కణం చావదు.

మనుషులకేంటి సంబంధం?

ఈ వ్యవస్థ మనిషిలోనూ ఉంది. వార్ట్స్ లోపించిన ఈగలో మనిషి జన్యువు లాట్స్1ను పెడితే లోపం సరైంది. మనిషిలో యార్కీకి సాటి ప్రోటీన్ పేరు యాప్.

ఆస్‌బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథెలియోమా క్యాన్సర్ రోగుల్లో చాలామందికి, హిప్పోకు సంకేతం పంపే ఎన్‌ఎఫ్2 జన్యువు దెబ్బతిని ఉంటుంది. భారత్‌లో ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

పోయిన జన్యువును మందుతో తిరిగి తేవడం కష్టం. అందుకే, యాప్ పనిచేయడానికి తోడుండే ‘టీడ్’ ప్రోటీన్లను అడ్డుకునే మందులను రోగులపై పరీక్షిస్తున్నారు. అయితే పేగులో గాయాలు మానడానికి యాప్ అవసరం. కాబట్టి దాన్ని పూర్తిగా కట్టేయకుండా, క్యాన్సర్ కణాల్లో మాత్రం అదుపు చేయడమే అసలు సవాలు.